అ మొదలు ఱ వరకు



మొదట ఒక తప్పు ఒప్పుకొనవలసి యున్నది. రేడియోలో ఉద్యోగము చేయువారికి పుస్తకములతో నిత్యసంబంధము. వారమునకు ఒకటి రెండు గ్రంథములైనను మా బల్లమీదికి వచ్చును. వానిలో కొన్నింటిని శ్రోతలకు పరిచయము చేయవలెను. పీఠిక చదివి, విషయసూచిక చూచి, నడుమ నాలుగు పుటలు తిరుగవేసి, ఐదు నిమిషములు మాటలాడగల నేర్పు కొన్నేండ్లకు అబ్బును. నాకును అబ్బినది. ఆ నేర్పునే నేను చదువు అనుకొన్నాను.

2022లో ఒకనాడు బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’ని గురించి కొద్ది నిమిషములు ముచ్చటించినాను. బుచ్చిబాబు ఆకాశవాణిలో పనిచేసిన రచయిత. ఆయనను గురించి మాటలాడుట మాకు ఇంటి పెద్దను గురించి మాటలాడుట వంటిది. వారము తిరుగకుండ ఒక గృహిణి ఉత్తరము వ్రాసినారు. కథానాయకుడైన దయానిధి చివరకు నిజముగా శాంతి పొందినాడా, లేక పొందినానని తన్ను తాను నమ్మించుకొన్నాడా, మీ అభిప్రాయమేమని ఆమె ప్రశ్న. నేనేమి చెప్పగలను? ఆ నవల చివరి నూరు పుటలు నేను చదువనే లేదు. ‘మీ ప్రశ్న విలువైనది, మరొకప్పుడు వివరముగా ముచ్చటించుకొందాము’ అని జవాబు వ్రాసి, చేవ్రాలు చేసి, టపాలో వేయించినాను. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

మా వీథిలో ఒక మాస్టారున్నారు. ముప్పది ఏండ్లకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసికొన్నవారు. ఆదివారము సాయంకాలము ఆయన ఇంటి వసారాలో నలుగురైదుగురము చేరుట అలవాటు. మందులకొట్టు యజమాని ఒకరు, బ్యాంకులో ఉద్యోగము చేయు సోదరి ఒకరు, కంప్యూటరు కంపెనీలో పనిచేయు మాస్టారి మనుమడు, నేను. అక్కడ నా తప్పు చెప్పుకొని, “మాస్టారూ, చదువు మరచిపోయినవాడు మరల ఎక్కడ మొదలుపెట్టాలి?” అని అడిగినాను. ఆయన నవ్వి, “ఇంకెక్కడ నాయనా? అ ఆల దగ్గరే” అన్నారు.

ఆయన అన్నది పరిహాసమునకు. మనుమడు మాత్రము దానిని పట్టుకొన్నాడు. “అయితే తాతయ్యా, వారానికి ఒక అక్షరం. ఆ అక్షరంతో పేరు మొదలయ్యే పుస్తకం. ఏడాదిలో వర్ణమాల అంతా ముగించాలి. మీరందరూ సిద్ధమేనా?” అన్నాడు. అందరమూ సరే అన్నాము. శోభకృత్ సంవత్సరాదినాడు, అనగా 2023 మార్చి 22వ తేదీన, పని మొదలుపెట్టినాము.

మొదటి చిక్కు లెక్కలోనే వచ్చినది. తెలుగునకు అక్షరములెన్ని? పెద్దబాలశిక్ష చదివినవారు ఏబదియారు అందురు. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణములో, సంస్కృతము నుండి వచ్చినవానిని విడిచి, అచ్చముగా తెలుగునకు ముప్పదియారే అన్నాడు. మాస్టారు సూరిగారి భక్తులు. అయినను మా పనికి ఆ లెక్క చాలదు. పుస్తకము పేరునకు మొదట నిలువగల అక్షరము ఏది యని చూచినాము. ఙ, ఞ, ణ, ళ అనువానితో పేరు మొదలుకాదు. ౠ, ఌ, ౡ లు అంతే. విసర్గకును అరసున్నకును మొదట చోటు లేదు. ఇట్లు తీసివేయవలసినవి తీసివేసి, ‘అం’ను, ‘క్ష’ను చేర్చుకొని, చివరకు 46 అక్షరములు నిలిపినాము. ఆ ఏడు అధిక శ్రావణము వచ్చుటచేత ఉగాది మొదలు ఉగాది వరకు పదమూడు నెలలు, సుమారు 55 వారములు. పండుగలకు, జ్వరములకు, చుట్టములకు తొమ్మిది వారములు మిగిలినవి. పంచాంగము మాకు ఇంత అనుకూలముగా నుండునని ఎవరమూ తలపలేదు.

నియమములు మూడు. ఎవరి పుస్తకము వారు ఎన్నుకొనవచ్చును. మొదటి పుట నుండి చివరి పుట వరకు చదువవలెను. ముగింపనివారు ఆ ఆదివారము అందరకు పునుగులు పెట్టించవలెను. ఈ మూడవ నియమము మందులకొట్టు యజమాని చేసినది. మొదటి నెలలో రెండుసార్లు పెట్టించినవారును ఆయనే.

అకారమునకు నేను గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ను తీసికొన్నాను. నాకు అది తగిన పుస్తకమని మాస్టారు అన్నప్పుడు ఆయన నవ్వుచున్నారో లేదో తెలియలేదు. ‘ఆ’ వద్ద సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వచ్చినది. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము, 1955లో, ఈ గ్రంథమునకే లభించినది. రాజుల కథలు పక్కన పెట్టి, మన పూర్వులు ఏమి తిన్నారు, ఏమి ఆడినారు, ఏమి తొడిగినారు అని కావ్యముల నుండి ఏరి చూపిన పుస్తకమది. దానిని నేను పదిసార్లయినను రేడియోలో పేర్కొని యుందును. చదువుట అదే మొదటిసారి.

ఎకారము వద్ద తగవు పడినది. నండూరివారి పాటలను బ్యాంకు సోదరి తీసికొన్నారు. మనుమడు తన చేతిలోని ప్రతి చూపి, “అత్తయ్యా, ఇక్కడ ‘యెంకి’ అని ఉంది. ఇది య వద్దకు పోవాలి” అన్నాడు. రెండు విధములుగను అచ్చులో కనబడుచున్న మాటయే. మాటకు మొదట ఎకారమును యెకారముగ పలుకుట మన నాలుకకు అలవాటని, పలుకుబడిని వ్రాయుటా, వ్రాతను పలుకుటా అన్నది పాత వివాదమని మాస్టారు అరగంట చెప్పినారు. ఎంకి ఎకారములోనే ఉండిపోయినది. ఆ అరగంట మాత్రము నాకు ఏ పుస్తకములోను దొరకనిది.

ఖ, ఘ, ఛ, ఝ వంటి ఒత్తక్షరముల వారములు కష్టముగ గడచినవి. అచ్చతెలుగు మాటలలో ఈ ధ్వనులు లేవు. సంస్కృతము నుండియో, ఉర్దూ నుండియో, ఇంగ్లీషు నుండియో వచ్చిన మాటలే ఆ అక్షరములతో మొదలగును. చిన్నయసూరి లెక్కలో ముప్పదియారు ఏల వచ్చినదో నాకు అప్పుడు తెలిసినది. చదువుకొన్న రోజులలో ఆ సూత్రము వల్లించినాను గాని, ‘ఘ’తో మొదలయ్యే ఒక పుస్తకము కొరకు మూడు అంగళ్లు తిరిగిననాడు గాని దాని అర్థము నా మనస్సున కెక్కలేదు. ఒక ఆదివారము అందరము కలిసి వేటపాలెమునకు పోయి, 1918లో నెలకొన్న సారస్వత నికేతనము చూచి వచ్చినాము. ఆ బీరువాల నడుమ నిలిచినప్పుడు మా నలుబదియారు అక్షరముల గర్వము కొంత తగ్గినది.

గకారమునకు ఐదుగురిలో ముగ్గురము, ఒకరికొకరు చెప్పుకొనకుండగనే, జాషువాగారి ‘గబ్బిలము’ తెచ్చినాము. అంటరానివాడని ఊరు దూరముంచిన పేదవాడొకడు తన మొరను గబ్బిలముచేత కాశీ విశ్వనాథునికి చెప్పి పంపుకొన్న కావ్యమది. 1941లో వెలువడినది. ఆనాడు ఎవరమూ ఐదు నిమిషముల ప్రసంగము చేయలేదు. మందులకొట్టు యజమాని తన తాతగారు గుడి బయట నిలిచి దండము పెట్టుకొన్న సంగతి చెప్పినారు. పదునైదేండ్ల పరిచయములో ఆయన ఆ మాట ఎన్నడును చెప్పి యుండలేదు.

తరువాత ‘చ’ వచ్చినది. నేను ఏ పుస్తకము తీసికొనవలెనో మీకు తెలియును. మొదటి పుట నుండి చదివినాను. ఆ గృహిణి అడిగిన ప్రశ్న సులభమైనది కాదని నాకు అప్పుడు తెలిసినది. ఏడాది క్రితము నేను వ్రాసినది జవాబు కాదని, ఆనాటికి నవల ముగింపనే లేదని, ఇప్పుడు ముగించి చూడగా నాకు తోచినది ఇదియని మూడు పుటల ఉత్తరము వ్రాసినాను. పది దినములకు ఒక కార్డు వచ్చినది. ‘ఆలస్యమైనా జవాబు అందినది. మీ అభిప్రాయముతో నేను ఏకీభవించను. మరల చదువుచున్నాను’ అని ఆమె వ్రాసినారు. ఇరువది ఏండ్ల ఉద్యోగములో నాకు వచ్చిన ఉత్తరములలో నేను దాచుకొన్నది అదియొకటే.

అక్షరక్రమమున చదువుట పిల్లల ఆటవలె నున్నదని కొందరు మిత్రులు ఆక్షేపించినారు. ఈ వారము పుస్తకమునకును పై వారము పుస్తకమునకును సంబంధమేమి అని వారి ప్రశ్న. సంబంధము లేకపోవుటయే లాభమని నా అనుభవము. మన అభిరుచి మనలను తెలిసిన దారినే నడిపించును. అక్షరము కీర్తిని చూడదు, అభిరుచిని చూడదు. థకారము రాకున్నచో మాలో ఒక్కరమును ‘థేరీగాథ’ జోలికి పోయెడివారము కాము. బౌద్ధభిక్షుణులు పాళీ భాషలో చెప్పిన 73 గాథల సంపుటి అది. స్త్రీల కవిత్వమునకు ప్రపంచములో నిలిచియున్న మిక్కిలి ప్రాచీన సంకలనములలో ఒకటి. బ్యాంకు సోదరి ఇంగ్లీషు అనువాదము సంపాదించి, సౌందర్యవతియైన ఆమ్రపాలి తన వార్ధక్యమును తానే నిలువుటద్దములో చూచుకొన్నట్లు వర్ణించుకొన్న భాగము మాకు తెలుగు చేసి చెప్పినారు. ఆమె అంతకుముందు ఏ సభలోను నోరు విప్పి ఎరుగరు.

ధనుర్మాసములో మేము పవర్గమునకు చేరునప్పటికి మాస్టారికి కంటిశుక్లము ముదిరినది. శస్త్రచికిత్స జరిగినది. కొన్ని వారములు పుస్తకము పట్టరాదన్నారు. ఆయన నిస్పృహతో, “ఇక మీరు ముగించండి, నేను వింటాను” అన్నారు. సరే వినండని వంతులవారీగా మేము చదివి వినిపించినాము. పకారమునకు రావూరి భరద్వాజగారి ‘పాకుడురాళ్లు’. ఏడవ తరగతితో బడి చదువు ఆగిపోయి, ఆకాశవాణిలో ఉద్యోగము చేసి, 2012 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందుకొన్న రచయిత ఆయన. అంత పెద్ద నవల ఒక వారములో పూర్తి కాలేదు. అందరకు కలిపి మాస్టారే పునుగులు తెప్పించినారు.

మరుసటి అక్షరము ‘ఫ’. దొరికినది పఠాభి ‘ఫిడేలు రాగాల డజన్’. 1939లో వచ్చినది. ఛందస్సును కాదని, చిన్నయసూరి వ్యాకరణముపై తిరుగుబాటు ప్రకటించిన కవి. సూరిగారి భక్తుని ఎదుట దానిని చదువుట ఎట్లని మేము వెనుకాడినాము. చదువవలసిన వంతు మనుమడిది. వాడు భయపడుచునే చదివినాడు. మాస్టారు కంటికి పచ్చని కళ్లద్దములు పెట్టుకొని కదలకుండ విన్నారు. ముగిసిన పిదప కొంత సేపు మాటలాడలేదు. తరువాత, “ఏబది ఏండ్లు ఈ పుస్తకాన్ని తిట్టినానురా. చదవకుండా తిట్టినాను. మొదటి నుంచి మళ్లీ చదువు” అన్నారు. చదువని పుస్తకమును పొగడిన నేనును, చదువని పుస్తకమును తెగడిన ఆయనయు ఒకే వసారాలో కూర్చుండి యున్నాము.

ఆ రాత్రి నాకు మరొక సంగతి తోచినది. మన హల్లులు గొంతున పుట్టు కవర్గముతో మొదలై, అంగిలి, నాలుక, దంతములు దాటి, పెదవుల వద్ద పవర్గముతో వెలుపలికి వచ్చును. ఆ క్రమము కంటితో చదువుకొనుటకు గాక నోటితో పలుకుటకు కూర్చినది. చదివి వినిపించుట చదువులో ఒక భాగమని నేను మరచియుంటిని. మైకు ముందు కూర్చుండువాడు మరువరానిది అదియే.

హకారము వద్ద తిరుమల రామచంద్రగారి ‘హంపీ నుంచి హరప్పా దాకా’ చదివినాము. మన లిపి పుట్టుపూర్వములను గురించి కూడ పుస్తకము వ్రాసిన పండితుని ఆత్మకథ మా వర్ణమాల చివర దొరకుట మా అదృష్టము. ఇక మిగిలినది బండి ఱ ఒక్కటి. ఈనాడు దానితో పుస్తకమునకు పేరు పెట్టువారు లేరు. అప్పటికి మాస్టారి చూపు కుదురుకొన్నది. ఆయన లోపలికి పోయి బహుజనపల్లి సీతారామాచార్యులవారి ‘శబ్దరత్నాకరము’ తెచ్చినారు. 1885 నాటి నిఘంటువు. ఱాయి, ఱెక్క అని ఒక్కొక్క మాటయు వ్రేలు పెట్టి, తన కంటితో తానే చదివి అర్థము చెప్పినారు. క్రోధి సంవత్సరాదికి ముందటి ఆదివారము, 2024 ఏప్రిల్ 7వ తేదీన, మా చదువు అట్లు ముగిసినది.

46 అక్షరములలో నేను పూర్తి చేసినవి నలుబది. ఆరుసార్లు పునుగులు పెట్టించినాను. ఈ లెక్కలో సిగ్గుపడవలసినది లేదు. ఏ ఆరు ముగింపలేదో నాకు తెలియును. వానిని గురించి ఇక రేడియోలో మాటలాడను.

శ్రోతలారా, మీలో ఎవరికైనను ఈ కోరిక కలిగినచో రెండు మాటలు. ఒంటరిగ మొదలుపెట్టవద్దు, ‘ఐ’ వద్దనే ఆగిపోవుదురు. నలుగురు కలిసి మొదలుపెట్టండి. ఎవరు చదువుకొన్నవారు, ఎవరు కానివారు అని చూడవద్దు. చిన్న పుస్తకమైనను చిన్నతనము లేదు. కొనలేనివి గ్రంథాలయములో అడుగండి. కన్ను మసకబారిన పెద్దలు ఇంటిలో నున్నచో వారి పక్కన కూర్చుండి పైకి చదువండి. ఆ చదువు ఇద్దరకు చెందును.

సెలవు.