ఈ ఒక్క ఆట గెలిస్తే ఆపేస్తా

ఈ రోజు కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. నా సొంత సంగతే చెప్తాను.

2023లో నేను బెంగళూరులో జాబ్ చేసేవాణ్ణి. రాత్రిళ్ళు రూమ్‌లో ఫోన్‌లో రమ్మీ. మన ఇళ్ళల్లో పండక్కి పేకాట మామూలే కదా, ఇదీ అంతే అనుకున్నా. కానీ పండగ పేకాట తెల్లారితే అయిపోతుంది. ఫోన్‌లో పేకాటకి తెల్లారడం అంటూ ఉండదు.

నెలకి వెయ్యి అని లిమిట్ పెట్టుకున్నా. మూడో నెలకి ఆ వెయ్యి ఒక్క రాత్రికి కూడా చాల్లేదు. ఒక్క ముక్క పడితే షో అనే టైమ్‌లో ఓడిపోతే, ఓడినట్టు ఉండదు. కొంచెంలో మిస్ అయింది అనిపిస్తుంది. వెంటనే ఇంకో ఆట!

బీటెక్ చదివి కూడా నేను వేసుకోని లెక్క ఒకటి చూడండి. ఇద్దరు చెరో 100 పెట్టారు, కంపెనీ 15 కట్ చేసుకుంది, గెలిచినవాడికి 185. అలా 100 ఆటల్లో సగం గెలిచినా పెట్టింది 10,000, వచ్చింది 9,250. సగం గెలిచి కూడా 750 పోయింది.

పోయింది రాబట్టాలని లోన్ యాప్‌లో అప్పు తీసుకున్నా. ఆ అప్పు తీర్చడానికి మళ్ళీ ఆట. చివరికి ఒక రాత్రి అక్కకి ఫోన్ చేసి మొత్తం చెప్పేశా. తిడుతుందనుకున్నా. "ఒరేయ్, అప్పు సంగతి తర్వాత చూద్దాం. ముందు అన్నం తిన్నావా?" అంది.

తర్వాత ఏం చేశామంటే... జీతం పడే అకౌంట్ అక్క చూసుకుంది, నా ఫోన్‌లో యూపీఐ తీసేశాం. అప్పులన్నీ ఒక కాగితం మీద రాశాం. డబ్బు నా చేతికివ్వకుండా నేరుగా అప్పులకే కట్టింది. 14416కి కాల్ చేశా. అది ప్రభుత్వ టెలి మానస్ నంబర్. ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. జూదం మానలేకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జబ్బుల జాబితాలో పెట్టింది. అంటే దీనికి ట్రీట్‌మెంట్ ఉంది.

"ఇప్పుడు అవన్నీ బ్యాన్ కదా బ్రో" అంటారు. నిజమే. తెలంగాణలో 2017లో, ఆంధ్రాలో 2020లో నిషేధించారు, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. కానీ టెలిగ్రామ్‌లో లింకులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఐపీఎల్ వస్తే మరీనూ.

అందుకే ఒక్క మాట. పెట్టుకున్న లిమిట్ మీరే దాటుతున్నారా? ఇంట్లో దాస్తున్నారా? పోయింది రాబట్టాలని ఆడుతున్నారా? ఒక్కదానికి అవును అన్నా, ఈ రాత్రే ఒక మనిషికి చెప్పండి. పోయిన డబ్బు పోయింది. నాకు అది ఒప్పుకున్న రోజే నిద్ర పట్టింది.

ఈ వీడియోకి లైక్ కొట్టకపోయినా పర్లేదు. రాత్రి రెండింటికి ఆన్‌లైన్‌లో కనిపించే ఆ ఫ్రెండ్‌కి పంపండి చాలు. ఉంటాను మరి.