పరీక్షలకు కూర్చునే మన పిల్లలు - దేశ వార్తలు
(సొసైటీ వార్షిక సభలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోటీ పరీక్షలకు పనికివచ్చే జాతీయ వార్తల గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని కోరారు. వార్తలలోకి వెళ్లేముందు ఒక తప్పు ఒప్పుకోవలసి ఉన్నది. అది మా తప్పే.

మన హాలులో సాయంత్రపు తరగతులు మొదలుపెట్టినప్పుడు డబ్బు తక్కువ, పిల్లలు ఎక్కువ. చౌకగా వస్తున్నాయి కదా అని పాతపుస్తకాల అంగడి నుంచి జనరల్ నాలెడ్జి గైడ్లు కట్టగట్టి తెచ్చాము. అవి 2021లో అచ్చయినవి. అట్టలు బాగానే ఉన్నాయి, లోపల ఏముందో ఎవరమూ చూడలేదు. కిందటేడు మన తరగతి అబ్బాయి ఒకడు ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు అప్పజెప్పగలిగేటట్లు చదివి ఒక ఉద్యోగ పరీక్ష రాశాడు. రెండు మార్కులతో పోయింది. ప్రశ్నపత్రం తెచ్చి మా ముందు పెట్టాడు. మూడు ప్రశ్నలకు గైడులో ఉన్నదే రాశాడు, మూడూ తప్పే!

మొదటిది, హత్యకు శిక్ష విధించే సెక్షను ఏది అని. అబ్బాయి 302 అని గుర్తుపెట్టాడు. మన చిన్నప్పటి నుంచి సినిమాలలో విన్న నంబరే కదా. కానీ 2024 జూలై 1 నుంచి 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో హత్యకు శిక్ష 103వ సెక్షను. మోసగాడిని 'ఫోర్ ట్వంటీ' అని తిట్టడం మనం మానలేదు గాని, కొత్త చట్టంలో ఆ నేరం 318వ సెక్షనులోకి వెళ్లింది. పాతదానిలో 511 సెక్షన్లుంటే కొత్తదానిలో 358.

రెండవది, ప్రాచీన భాషలు ఎన్ని అని. గైడు ప్రకారం ఆరు. తమిళం 2004లో, సంస్కృతం 2005లో, మన తెలుగు, కన్నడం 2008లో, మలయాళం 2013లో, ఒడియా 2014లో. అంతవరకు సరే. 2024 అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం మరాఠీ, బెంగాలీ, అస్సామీ, పాళీ, ప్రాకృతం భాషలకూ ఆ హోదా ఇచ్చింది. పదకొండయ్యాయి.

మూడవది వింటే మీకు నవ్వు వస్తుంది, మాకు మాత్రం రాలేదు. శ్రీహరికోట ఏ జిల్లాలో ఉన్నది? నెల్లూరువాళ్లం, రాకెట్టు ఎగిరితే మేడ మీదికెక్కి చూసేవాళ్లం, మనల్నే అడగాలా అనుకుంటాము. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలను 26 చేసినప్పుడు సూళ్లూరుపేటతో పాటు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది. పేపరులో ఆ సంగతి నెల రోజులు వచ్చింది. మనం గైడు చూసుకుంటూ కూర్చున్నాము.

ఆ అబ్బాయి మమ్మల్ని ఒక్కమాట అనలేదు. వాళ్ల నాన్న మాత్రం కొట్టు కట్టేసి రాత్రి మా ఇంటికి వచ్చారు. కోప్పడతారేమో అనుకున్నాము. "పోనీలే భాయ్, మీరు మంచికే చేశారు" అని టీ తాగి వెళ్లారు. కోప్పడి ఉంటేనే బాగుండేది.

అందుకని ఇవాళ మేము వార్తల జాబితా చదవబోము. జాబితాలు మీకు బజారులో దొరుకుతాయి. పరీక్ష పెట్టేవాళ్లు వార్తను అడగరు, వార్త వేరును అడుగుతారు. ఒకటి రెండు చూద్దాము.

2025 సెప్టెంబరు 9న ఉపరాష్ట్రపతి ఎన్నిక జరిగింది. సి.పి. రాధాకృష్ణన్ గారికి 452 ఓట్లు, మన తెలుగువారైన సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి బి. సుదర్శన్ రెడ్డి గారికి 300 ఓట్లు వచ్చాయి. ఇది వార్త. ఎవరు ఓటు వేశారన్నది ప్రశ్న. రాష్ట్రపతి ఎన్నికలో ఎన్నికైన ఎం.పి.లు, ఎం.ఎల్.ఏ.లు వేస్తారు, నామినేటెడ్ సభ్యులు వేయరు. ఉపరాష్ట్రపతికి ఎం.ఎల్.ఏ.లు వేయరు, పార్లమెంటులోని నామినేటెడ్ సభ్యులు వేస్తారు. 54వ అధికరణం, 66వ అధికరణం పక్కపక్కన రాసుకోండి. మా తరగతిలో పదిమందిని అడిగితే ఏడుగురు తిరగేసి చెప్పారు.

మహిళా రిజర్వేషన్ల సంగతీ అంతే. 2023 సెప్టెంబరు 20న లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటు వేశారు. మర్నాడు రాజ్యసభలో 214 మంది అనుకూలం, వ్యతిరేకం ఒక్కరూ లేరు. బిల్లుగా ఉన్నప్పుడు అది 128వది. చట్టమయ్యేసరికి 106వ రాజ్యాంగ సవరణ. ఈ రెండు అంకెల మధ్య ఎందరు పిల్లలు జారిపడుతున్నారో! జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయిన తరువాతనే అమలు అని ఆ చట్టంలోనే రాసుకున్నారు. కాబట్టి జనాభా లెక్కల వార్త వచ్చినప్పుడు దానిని ఇక్కడికి తెచ్చి ముడివేసుకోవాలి. 2021లో జరగవలసిన లెక్కలు ఆగిపోయి, 2025 జూన్ 16న కొత్త నోటిఫికేషన్ వచ్చింది. దేశంలో చాలాభాగానికి 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా తీసుకున్నారు.

ఎస్.సి. వర్గీకరణ అయితే మన గడప దగ్గరనుంచే మొదలైన వార్త. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఇరవై ఏళ్ల తరువాత 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఆ పాత తీర్పును పక్కనపెట్టింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ 59 కులాలను మూడు గ్రూపులుగా చేసి అమలులో పెట్టింది. 2024 తీర్పు ఒక్కటే బట్టీపట్టినవాడికి 2004 అడిగితే నోరు పెగలదు.

ఇక మన సొంత సంగతి. బి.సి.-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషను 2007 చట్టంతో వచ్చింది. హైకోర్టు 2010లో కొట్టివేస్తే, అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల నిలిచింది. ఇది మనలో పెద్దవాళ్లకే సరిగా తెలియదు. ముస్లిములంతా బి.సి.-ఇ అనుకొని దరఖాస్తు నింపుతున్నారు. జాబితాలోని వర్గాలకే వర్తిస్తుంది. దూదేకులవారు బి.సి.-బిలో ఉన్నారు. సయ్యదులు, పఠాన్లు బి.సి.-ఇలో లేరు. వారిలో ఆదాయం తక్కువ ఉన్నవారికి 2019 నాటి 103వ సవరణతో వచ్చిన ఆర్థిక బలహీనవర్గాల కోటా ఉన్నది. 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు ముగ్గురు, ఇద్దరుగా చీలి దానిని సమర్థించింది. సర్టిఫికెట్లు ఆఖరి వారంలో పరుగెత్తి తెచ్చుకునేవి కావు. అమ్మానాన్నలు ఈ మాట చెవిన వేసుకోవాలి.

వక్ఫ్ సవరణ చట్టం గురించి కూడా చెప్పక తప్పదు. దానిపై మా తరగతిలో పుస్తకాలు మూసి గంటన్నరసేపు వాదించుకున్నారు. బాధ ఉన్నది, దాచనక్కరలేదు, మాకూ ఉన్నది. అయితే గంటన్నర తరువాత రాష్ట్రపతి ఆమోదం ఏ తేదీన అని అడిగితే ఎవరూ చెప్పలేదు. 2025 ఏప్రిల్ 5. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు 2025 సెప్టెంబరు 15. చట్టం మొత్తాన్ని ఆపలేదు, కొన్ని నిబంధనలను ఆపింది. వక్ఫ్ చేసేవారు కనీసం ఐదేళ్లుగా ఇస్లాం ఆచరిస్తుండాలన్న షరతు ఆగినవాటిలో ఒకటి. వాదించేవాడికి కూడా ఈ వివరాలు కావాలి కదా!

ఫోనులో వచ్చే సందేశాలను నమ్మవద్దు. యునెస్కో మన జాతీయగీతాన్ని ప్రపంచంలో ఉత్తమమైనదిగా ప్రకటించిందని ఒక అమ్మాయి నోట్సులో రాసుకున్నది. ఏళ్లతరబడి తిరుగుతున్న అబద్ధమది. ఆ అమ్మాయికే మరో పేజీలో మేము సెబాసు అని రాశాము. 2025 మే నెలలో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ గారికి అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చిన వార్త కత్తిరించి అంటించి, కింద 'హార్ట్ ల్యాంప్, అనువాదం దీపా భాస్తి, ఈ బహుమతి పొందిన మొదటి కథల సంపుటి' అని రాసుకున్నది. దాని పక్కనే 2022లో ఇస్తాంబుల్‌లోనూ 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియనైన నిజామాబాదు బాక్సరు నిఖత్ జరీన్ బొమ్మ. పెళ్లిసంబంధాలు చూస్తున్నామని ఆ అమ్మాయిని తరగతి మాన్పించబోతే, వాళ్ల ఖాలా వచ్చి ఆ నోటుపుస్తకం పెద్దాయన ముందు పెట్టింది. పరీక్షలయ్యేదాకా ఆగుదామన్నారు. ప్రస్తుతానికి అంతవరకు వచ్చింది.

పాత గైడ్లన్నీ తూకానికి వేసేశాము. వచ్చిన డబ్బుకు మరికొంత కలిపి రెండు దినపత్రికలకు, ఒక మాసపత్రికకు చందా కట్టాము. హాలు ఉదయం ఆరున్నరకు తీస్తారు. తరగతికి ఒక తెల్లకాగితాల పుస్తకం తెచ్చుకోండి, పేజీకి ఒక వార్త, సగం పేజీ ఖాళీగా వదలండి, ఆరునెలలకు దానికి తోక వస్తుంది. ఆదివారాలలో వారంలోని వార్తలు చదివి, పాతవాటితో సరిచూసి చెప్పే పని ఆ రెండు మార్కుల అబ్బాయికే అప్పగించాము. అతనికి వయోపరిమితి ఇంకా రెండేళ్లున్నది. మొదటి ఆదివారమే మేము చెప్పిన తేదీ ఒకటి తప్పని నిలబడి దిద్దాడు.