నల్లపావులవారి తొలి ఎత్తు

చదరంగంలో తెల్లపావులవారిది ముందడుగు, నల్లపావులవారిది ప్రత్యుత్తరం. ప్రత్యర్థి తన రాజు ముందరి బంటును రెండు గళ్ళు జరిపినాడనుకొందాం. దానికి బదులుగా 'ఏ రక్షణ మంచిది?' అని చాలమంది అడుగుతారు. 'ఏ రక్షణ నాకు తగినది?' అని అడిగేవారు అరుదు. ఈ రెండు ప్రశ్నలకూ అంతరం చాల ఉన్నది.

ఒక్క బంటును చూడండి. మంత్రివైపు శకటం ముందరి బంటును రెండు గళ్ళు నడిపితే అది సిసిలియన్ రక్షణ. అదే బంటును ఒక్క గడి నడిపితే కారోకాన్ రక్షణ. భేదం ఒక్క గడియే. కాని ఆట స్వరూపమే మారిపోతుంది. సిసిలియన్‌లో తరచు ఉభయులూ చెరొక వైపున దాడికి దిగుతారు. ఒక్క ఎత్తు జారితే కోలుకొనడం కష్టం. కారోకాన్‌లో బంట్ల కట్టు గట్టిది. శకటానికి దారి మూసుకొనిపోదు. ఓర్పుతో ఆటను అంత్యదశకు నడపవచ్చును. ఇక రాజు ముందరి బంటును ఒక్క గడి నడిపితే ఫ్రెంచి రక్షణ. అందులో ఒక శకటం సొంత బంట్ల వెనుకనే చిక్కుకొంటుంది. ఆ ఇరుకును సహించి, అదను చూచి ఎదురుదెబ్బ తీయగలవారికి అది తగినది.

కళాశాలలో చదివే రోజులలో నేను సిసిలియన్‌నే పట్టుకొన్నాను. మహామహులు దానిని ఆడినారన్నదే కారణం. నా స్వభావమా, పదిసార్లు ఆలోచించి గాని అడుగు వేయనిది. వరుసగా ఓడిపోయి, చదరంగం నాకు రాదని బల్లను అటకమీద పెట్టినాను. చాల ఏండ్లకు ఒక మిత్రుని బలవంతాన కారోకాన్ ఆడినప్పుడు గాని, నాకు రానిది చదరంగం కాదు, ఆ రక్షణ మాత్రమే అని తెలియలేదు.

ఇది సామాన్యుల సంగతి మాత్రమే కాదు. 2000 సంవత్సరంలో లండన్‌లో ప్రపంచ కిరీటానికై గ్యారీ కాస్పరోవ్‌తో తలపడిన వ్లదిమిర్ క్రామ్నిక్ బెర్లిన్ రక్షణను ఆశ్రయించినాడు. దాని ప్రధాన మార్గంలో మంత్రులు రెండూ తొలిదశలోనే బల్ల విడిచిపోతాయి. నల్లరాజుకు కోట కట్టే హక్కు పోతుంది. పైకి నష్టమే. కాని మంత్రులు లేని బల్లమీద కాస్పరోవ్ దాడికి పదును తగ్గినది; క్రామ్నిక్ ఓర్పుకు పని దొరికినది. ఆ పోటీలో జరిగిన 15 ఆటలలో కాస్పరోవ్ ఒక్కటీ గెలువలేదు. కిరీటం చేయి మారినది.

కనుక మీరు ఆడిన ఆటలను ఒక 20 తిరిగి చూచుకొనండి. మంత్రులు పోయినప్పుడు మీకు ఊరట కలిగినదా, ఉత్సాహం సన్నగిల్లినదా? ఇరుకైన స్థితిలో నిలువగలిగినారా, తొందరపడినారా? సమాధానం అక్కడనే దొరుకుతుంది. దానిని బట్టి ఒక రక్షణను ఎన్నుకొని, కొన్ని నెలలు విడువక ఆడండి.

మీ ఇంటి పిల్లవాడు వరుసగా ఓడుతున్నాడా? ఆటకు పనికిరాడని తీర్మానించకండి. ఆ బంటును ఈసారి ఒక్క గడి మాత్రమే నడిపి చూడమనండి.