నవలలో మనిషి, టీవీలో మనిషి
(చివ్వెంలలో జరిగిన పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నవలలోని మనిషి తెరకెక్కితే ఏమవుతాడన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. మన తెలంగాణ రైతాంగ పోరాటంపై కిషన్ చందర్ ఉర్దూలో రాసిన నవల ఆధారంగానే గౌతమ్ ఘోష్ ‘మాభూమి’ చిత్రాన్ని తీశారు. అయితే సినిమా దగ్గరకు మనం వెళ్తాం. సీరియల్ మన ఇంటికే వస్తుంది. అందువల్ల నేడు టెలివిజన్ గురించే మనవి చేస్తాను.

1988లో దూరదర్శన్‌లో ‘తమస్’ ప్రసారమైనప్పుడు నేను కొత్తగా చేరిన గుమాస్తాను. వాడకు ఉన్న ఒక్క టీవీ ముందు హిందువులూ ముస్లిములూ కలిసి కూర్చుని చూశాం. భీష్మ సాహనీ రచించిన ఆ హిందీ నవలకు 1975లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. గోవింద్ నిహలానీ దానికి దర్శకులు. నవలను నేను చాలా ఏళ్ల తరువాత చదివాను.

మురాద్ అలీ ఐదు రూపాయలిచ్చి నత్థూ చేత పందిని చంపిస్తాడు. కళేబరం మసీదు మెట్ల మీద కనిపిస్తుంది. ఊరు తగలబడుతుంది. నవలలో ఆ తరువాత నత్థూ క్రమంగా మరుగున పడతాడు; అతని మరణం చివర ఒక మాటగా తెలుస్తుంది. అక్కడ అసలు పాత్ర ఊరే. సీరియల్ చూసేవారికి మాత్రం వెంట నడవడానికి ఒక మనిషి కావాలి. అందుకే ఓంపురి నటించిన నత్థూ, దీపా సాహీ నటించిన అతని భార్య కథ పొడవునా మనతో నడుస్తారు. పేదవాని దుఃఖం మన గుండెకు చేరింది. ఊరందరి నేరం మాత్రం కొంత వెనుకకు జరిగింది.

ఇక రాజో. ఇల్లు కోల్పోయిన సిక్కు దంపతులు తలుపు తట్టితే ఈ ముస్లిం ఇల్లాలు మొదట తటపటాయిస్తుంది, పిదప ఆశ్రయమిస్తుంది. తన భర్త దోచి తెచ్చిన పెట్టెలోని నగలను వారికే తిరిగి ఇస్తుంది. ఈ పాత్రకు సురేఖా సిక్రీ జాతీయ పురస్కారం అందుకున్నారు. నవల మాటల్లో చెప్పిన సంకోచాన్ని ఆమె ముఖంలో చూపించారు.

ప్రసారం ఆపాలని బొంబాయి హైకోర్టులో వ్యాజ్యం పడింది. న్యాయమూర్తులు సీరియల్ మొత్తం చూసి దానిని తోసిపుచ్చారు. 1988 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ప్రసారానికే మొగ్గు చూపింది. దృశ్యాల ప్రభావాన్ని పిరికివాని కళ్లతో గాక, స్థిరచిత్తుడైన వివేకవంతుని కళ్లతో తూచాలని చెప్పింది.

మనకూ అదే కొలత. మురాద్ అలీ ఉన్నాడని నేను బాధపడను. ప్రతి సమాజంలో అటువంటివారుంటారు. పక్కన రాజో లేనప్పుడే బాధ. నేటి ఎన్ని సీరియళ్లలో టోపీ పెట్టుకున్న పాత్రకు ఇల్లు, తల్లి, సంకోచం, పశ్చాత్తాపం ఉన్నాయి? మనం పొగడ్త అడగడం లేదు, నిండు మనిషిని అడుగుతున్నాం.

ఊరకే కోపగించుకోవద్దు. ఛానల్ పేరు, తేదీ, సమయం, దృశ్యం రాసి పంపండి. 2021లో సవరించిన కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుపై ఛానల్ 15 రోజుల్లో నిర్ణయం తెలపాలి. కాగితం మీద పెట్టని బాధ ఏ ఫైలుకూ ఎక్కదని ముప్ఫై ఏళ్ల గుమాస్తాగిరీ నాకు నేర్పింది.

పిల్లల చేత నవలలు చదివించండి. పుస్తకంలో రాజోను ఎరిగిన బిడ్డ, తెరమీద ఆమె లేకపోతే ఎక్కడ అని అడుగుతుంది.

సెలవు. ఖుదా హాఫిజ్.