కుంభారి బస్సు: మన లెక్క మనమే రాసుకుందాం



మన సోలాపూర్ బస్సుల గురించి నాలుగు మాటలు చెప్పాలని నిలబడ్డాం. 2023 ఆగస్టులో కేంద్రం పీఎం ఈ-బస్ సేవ అని ప్రకటించింది. 169 ఊళ్లకు 10,000 కరెంటు బస్సులు, అదీ 3 లక్షల జనాభా దాటిన ఊళ్లకు అన్నారు. మన ఊరు 2011 లెక్కల్లోనే తొమ్మిదిన్నర లక్షలు. ముంబై, పుణేల పక్కన పెడితే చిన్న ఊరే అనుకోండి. బస్సు ఎన్నడొస్తుందో గానీ, వచ్చినాక ఎటు తిరుగుతుందన్నదే మనకు ముఖ్యం.

మనవాళ్లు ఇప్పుడు ఒక్క పూర్వభాగంలోనే లేరు. అక్కల్‌కోట్ రోడ్డు దిక్కు కుంభారిలో 2006లో గోదూతాయి పరుళేకర్ పేరిట బీడీ అక్కలకు 10,000 ఇళ్లు వచ్చినాయి. 2024 జనవరి 19న రేనగర్‌లో ఇంకో 15,000 ఇళ్ల తాళాలు ఇచ్చినారు. అందులో మగ్గాలవాళ్లున్నారు, బీడీలు చుట్టేవాళ్లున్నారు. ఇల్లు దొరికింది, సంతోషమే. పని ఎక్కువగా ఊళ్లోనే ఉండిపోయింది. షేర్ ఆటో నిండితే గాని కదలదు. చేతిలో నూలు మూట ఉంటే ఇద్దరి కిరాయి అడుగుతాడు. కూలి సగం దారిలోనే పోతే ఇల్లు వచ్చి ఏం లాభం?

ఇక్కడ ఒక లెక్క చెబుతాం, బాగా వినండి. కుంభారికి పోయి రావడానికి గంటన్నర పడుతుందనుకుందాం. 6 బస్సులు ఒక్క రోడ్డు మీదే తిప్పితే పావుగంటకొక బస్సు దొరుకుతుంది. అవే 6 బస్సులు, అంతే దూరముండే నాలుగు రూట్లకు పంచితే గంటకొకటి వస్తుంది. గంటసేపు ఎవడు నిలబడతాడు? ఆటో ఎక్కి పోతాడు. ఆ తర్వాత జనం లేరని ఆ బస్సే తీసేస్తారు. కాబట్టి “మా గల్లీకీ రావాలి” అని మనలో మనం కొట్లాడుకోవద్దు. పది నిమిషాలు నడిచి పెద్ద రోడ్డు మీదికి రావడమే నయం. ఈ మాటకు కొందరికి కోపం వస్తుందని తెలుసు. ముసలివాళ్లున్నారు, మోకాళ్ల నొప్పులున్నాయి. అయినా మా మాట అదే.

ఈ పథకంలో బస్సు నడిపేవానికి కిలోమీటరు లెక్కన డబ్బు ముడుతుంది. టికెట్లు తక్కువైతే భారం ఊరి మీదే. రూటు, టైము ముందే సరిగ్గా పెట్టించుకోవాలి. గీత గీసేవాళ్లు స్టేషన్ నుంచి సిద్ధేశ్వర గుడి దాకా గీసి ఊరుకోవచ్చు. మరమగ్గాల షిఫ్టు ఎప్పుడు మారుతుందో, బీడీలు అప్పజెప్పే టైమేదో మనం చెప్పకపోతే వాళ్లకెట్ల తెలుస్తుంది? రాత్రి షిఫ్టు దిగినవాళ్లకు ఆఖరు బస్సు ఉండాలి. స్టాపులో లైటు ఉండాలి. మూట పెట్టుకునే జాగా ఉండాలి.

అందుకని ప్రతి ఇంటివాళ్లు ఒక కాగితం మీద రాసి సొసైటీలో ఇవ్వండి: ఎవరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని గంటలకు పోతారు, ఎన్ని గంటలకు వస్తారు, ఇప్పుడు ఎంత కిరాయి పెడుతున్నారు. తెలుగులో రాసినా సరే, మరాఠీలో పిల్లలచేత రాయిస్తాం. రాయడం రానివాళ్లు నోటితో చెప్పండి, మేము రాసుకుంటాం. ఆ కట్ట తీసుకొని అందరం కలిసే పోదాం.