గోదావరి ఘన్‌పూర్ దాకా వచ్చింది.. మరి వాన రాకపోతే?

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే బ్రోకర్ చెప్పే మాట ఒకటే: "నీళ్లకు టెన్షన్ లేదు సార్, గోదావరి వాటర్ వస్తది." అబద్ధమేం కాదు. గోదావరి నీళ్లు సిటీకి వచ్చేది మన పక్కనున్న ఘన్‌పూర్ రిజర్వాయర్ మీదుగానే. కానీ పైపు అంటే దారి మాత్రమే, నీళ్లు కాదు. ఆ తేడా ఏంటో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

ముందు 2015కి వెళ్దాం. వరుసగా వానలు సరిగ్గా పడలేదు. సింగూరు, మంజీర, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్.. నాలుగూ అడుగంటిపోయాయి. దశాబ్దాలుగా సిటీకి తాగునీళ్లు ఇచ్చిన చెరువులు, డ్యాములు ఒకేసారి చేతులెత్తేశాయి. సిటీని కాపాడింది కృష్ణా, ఇంకా అదే ఏడాది చివర్లో వచ్చిన గోదావరి మొదటి దశ. ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా పైప్‌లైన్, ఏడాదికి 10 టీఎంసీలు.

మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్నే బ్యాకప్ అంటాం. ఒక సర్వర్ పడిపోతే ఇంకోటి నడవాలి. వాటర్ బోర్డు చేసింది కూడా అదే. కానీ రెండు సర్వర్లకీ కరెంటు ఒకే ప్లగ్ నుంచి వస్తుంటే? ఇక్కడ ఆ ప్లగ్ పేరు రుతుపవనాలు.

2024 ఎండాకాలంలో అదే కనిపించింది. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. అది 510 దగ్గరికి వచ్చేసరికి, బోర్డు ఎమర్జెన్సీ పంపులు పెట్టి నీళ్లు తోడాల్సి వచ్చింది. సాగర్‌లో నీళ్లు ఇంకా కిందికి పోయినా తీసుకోవడానికే సుంకిశాల ప్రాజెక్టు కడుతున్నారు. అదే ఏడాది ఆగస్టులో వరద వచ్చి అక్కడి రక్షణ గోడ కూలింది. గమనించారా? ఏప్రిల్‌లో నీళ్లు లేక ఇబ్బంది, ఆగస్టులో నీళ్లు ఎక్కువై ఇబ్బంది. వాతావరణ మార్పు అంటే ఎండలు పెరగడం ఒక్కటే కాదు. వాన తక్కువ రోజుల్లో, ఎక్కువ జోరుతో పడటం కూడా.

అలాంటప్పుడు కావాల్సింది దాచుకునే చోటు. 2025 సెప్టెంబర్‌లో గోదావరి రెండు, మూడు దశలకు శంకుస్థాపన జరిగింది. మల్లన్నసాగర్ నుంచి ఘన్‌పూర్‌కి 20 టీఎంసీలు తెచ్చే ప్లాన్. అందులో కొంత మూసీ కోసం, జంట జలాశయాల కోసం. మల్లన్నసాగర్ 50 టీఎంసీల రిజర్వాయర్ కాబట్టి, వరద రోజుల్లో ఎత్తిపోసి ఎండాకాలంలో వాడుకోవచ్చు. ఐడియా మంచిదే. అయితే మన పక్కనే కేశవాపురంలో కట్టాలనుకున్న రిజర్వాయర్‌ని మాత్రం 2024లో పక్కన పెట్టేశారు.

ఇంకో విషయం. ఎల్లంపల్లి సముద్ర మట్టానికి 148 మీటర్ల ఎత్తులో ఉంది, మనం 500 మీటర్లకు పైన ఉన్నాం. అంటే ప్రతి బిందెనీ వందల మీటర్లు ఎత్తాలి. కరెంటు లేకపోతే గోదావరి లేదు.

మరి పైనుంచి ఉచితంగా పడే నీళ్ల సంగతేంటి? లెక్క చాలా సింపుల్. 120 గజాల స్లాబ్ అంటే దాదాపు 100 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క సెంటీమీటర్ వాన పడితే వెయ్యి లీటర్లు. మన దగ్గర ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్లు పడుతుంది. అంటే 80 వేల లీటర్లు, 5 వేల లీటర్ల ట్యాంకర్లు 16! 2020 అక్టోబర్‌లో మన జిల్లాలోనే ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. అదే స్లాబ్ మీద ఆరు ట్యాంకర్లకు పైనే. అంతా రోడ్ల మీద పారి, ఇళ్లలోకి చేరింది.

మన కింద ఉన్నది గ్రానైట్. నీళ్లు రాతి పగుళ్లలోనే నిలుస్తాయి. పైనుంచి ఇంకకపోతే వెయ్యి అడుగుల బోరు వేసినా దుమ్మే వస్తది. చెరువుల వాల్యూ అక్కడే ఉంది. శామీర్‌పేట చెరువు నిండితే చుట్టుపక్కల బోర్లకు ప్రాణం వస్తుంది. చెరువులోకి నీళ్లొచ్చే కాలువ మీద వెంచర్ వేస్తే, ఎఫ్‌టీఎల్ హద్దు రాళ్లు ఎన్ని పాతినా లాభం లేదు.

అందుకే ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, బోర్డు కనెక్షన్ వచ్చిందా, "వస్తది" అంటున్నారా? రెండు, ఇంకుడు గుంత ఎక్కడుంది? ప్లాన్ కాగితంలో కాదు, నేల మీద చూపించమనండి. మూడు, వాన నీళ్లు ఈ లేఅవుట్ నుంచి ఏ చెరువుకు పోతున్నాయి? మూడో ప్రశ్నకు జవాబు రాకపోతే, ఆ నీళ్లు మీ సెల్లార్‌కే వస్తాయని అర్థం.

వాటర్ బోర్డు నదులను వెతుక్కుంటూ ఇంకా దూరం వెళ్తుంది, వెళ్లాలి కూడా. కానీ అది చేయలేని పని ఒకటుంది: మీ స్లాబ్ మీద పడ్డ వానను మీ నేలలోకి దించడం. మీ కాలనీలో ఇంకుడు గుంత పనిచేస్తోందా, చెత్తతో నిండిందా? ఈ ఆదివారం ఒకసారి చూసి కామెంట్‌లో చెప్పండి.