ఇద్దరాడే రమ్మీ, దాని లెక్కలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు పదిహేను నిమిషాలిచ్చి, ఇంజినీరింగు గురించి ఏదైనా చెప్పమన్నారు. పేకాట గురించి చెబుతానన్నాను. ఆయన కాసేపు ఆగి, "పిల్లలు కూడా వస్తారండీ" అన్నారు. అందుకే చెప్పాలండీ అన్నాను. మన సంఘం కట్టించిన కొత్త గదిలో పుస్తకాలు పెడుతున్నాం, క్యారమ్ బోర్డు పెడుతున్నాం, చదరంగం పెడుతున్నాం. పేక కట్ట పెట్టాలా వద్దా అన్నచోట మాత్రం రెండు సమావేశాలు గడిచినా తేలలేదు. పెట్టాలన్నది నా మాట. అయితే ఎలా పెట్టాలో కూడా చెబుతాను, వినండి.

ముందు మన రామచంద్రపురం వాళ్ళకి పనికొచ్చే ఒక ముచ్చట. పేక ముక్కల్ని మనం ఏమంటాం? ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. ఈ కళావరు ఎక్కడిది? ఇంగ్లీషులో దాన్ని క్లబ్ అంటారు, పోలికే లేదు. డచ్చి భాషలో ఆ ముక్కని క్లావర్ అంటారు. ఆఠీనుని వాళ్ళు హార్టెన్ అంటారు. మనం రోజూ వాడే "తురుపు ముక్క"లో తురుపుకి వాళ్ళ మాట ట్రూఫ్. బట్టల వ్యాపారం కోసం డచ్చి వాళ్ళు బందరులో, పాలకొల్లులో, మన పక్కనున్న ద్రాక్షారామంలో మకాం పెట్టారు. కాకినాడ జగన్నాథపురం 1825 దాకా వాళ్ళ చేతిలోనే ఉంది. బట్టలు ఓడెక్కి వెళ్ళిపోయాయి, కళావరు మాత్రం మన అరుగుల మీద మిగిలిపోయిందని నా నమ్మకం. భాషాశాస్త్రం నా వృత్తి కాదు, కానీ ఈ పోలికలు చూశాక ఇంకోలా అనుకోవడం కష్టం.

ఇక ఆట. రమ్మీ అనగానే ఆరుగురు కూర్చుని రెండు కట్టలు కలిపి ఆడేది గుర్తొస్తుంది. మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక మా తాతయ్యా, మామ్మా ఇద్దరే ఆడేవారు. దానికి ఒక్క కట్ట చాలు. యాభై రెండు ముక్కలు, ఒక జోకరు, మొత్తం 53. చెరి పదమూడు పంచుతారు. మిగిలిన వాటిలో ఒకటి తిప్పి కట్ట కింద సగం కనబడేలా అడ్డంగా పెడతారు. ఆ అంకె ముక్కలన్నీ ఆ ఆటకి జోకర్లే. ఇంకొకటి తెరిచి పక్కన పెడతారు. పంచని వాళ్ళది మొదటి ఎత్తు. కట్టలోంచో, తెరిచిన ముక్కల్లోంచో ఒకటి ఎత్తాలి, ఒకటి పడేయాలి.

పదమూడు ముక్కలూ జతపడితే షో. కనీసం రెండు సీక్వెన్సులు ఉండాలి, వాటిలో ఒకటి జోకరు లేనిదై ఉండాలి. దాన్నే లైఫ్ అంటాం. మిగతావి సీక్వెన్సులైనా సరే, ఒకే అంకె మూడు నాలుగు రంగుల్లో వచ్చినా సరే. ఆసు అటు రెండు, మూడుతో కలుస్తుంది, ఇటు రాణి, రాజుతోనూ కలుస్తుంది. రాజు, ఆసు, రెండు మాత్రం కుదరదు. ఈ ఒక్క ముక్క దగ్గర ఎన్ని ఇళ్ళలో పండగ పూట గొడవలయ్యాయో నేను చెప్పక్కర్లేదు. కట్ట అయిపోతే పడేసిన ముక్కల్ని తిప్పి పెట్టుకుంటారు. కొన్ని ఇళ్ళలో మళ్ళీ కలుపుతారు. మా మామ్మ కలపనిచ్చేది కాదు. ముందు పడినది ముందే వస్తుంది కాబట్టి, ఏ ముక్క ఎప్పుడు పడిందో గుర్తున్నవాళ్ళదే రాజ్యం. ఆవిడకి గుర్తుండేది.

లెక్క మీకందరికీ తెలిసిందే. ఆసు, రాజు, రాణి, జాకీ పదేసి, మిగతావి వాటి అంకె, జోకరు సున్నా. షో చేసినవాళ్ళకి సున్నా. లైఫ్ లేకుండా దొరికిపోతే చేతిలోవన్నీ లెక్కకొస్తాయి, కాకపోతే 80 దాటదు. లైఫ్ ఉండి రెండో సీక్వెన్సు లేకపోతే లైఫ్ వదిలేసి మిగతావి లెక్కేస్తారు. రెండూ ఉంటే కలవని ముక్కలే. తప్పు షోకి 80. ముక్కలు చూసుకుని ఒక్కటీ ఎత్తకుండా పడేస్తే, అంటే డ్రాపు చేస్తే 20. ఒకసారి ఎత్తాక పడేస్తే 40. 101 చేరినవాళ్ళు ఓడినట్టు. ఆ 101 ఊరికే వచ్చింది కాదండోయ్. ఒక ఫుల్ కౌంటు, ఒక డ్రాపు కలిస్తే సరిగ్గా 100. అంటే ఒకసారి పూర్తిగా మునిగి, ఇంకోసారి తెలివిగా తప్పుకున్నా మనిషి ఆటలోనే ఉంటాడు.

ఆటంతా ఆ 20 దగ్గరే ఉంది. కొత్తవాళ్ళు డ్రాపు అంటే పిరికితనం అనుకుంటారు. లెక్క చూద్దాం. మీ చేతిలో లైఫ్ లేదు, వచ్చే సూచనా లేదు. ఓడితే 80 పడుతుంది. గెలిస్తే ఎదుటివాళ్ళకి ఓ 40 పడుతుందనుకోండి. ఇద్దరాటలో వాళ్ళ నష్టం మన లాభం. అప్పుడు సగానికి సగం గెలుస్తాననుకుంటేనే ఆడాలి, లేదా 20 రాయించుకుని ముక్కలు కింద పెట్టాలి. అదే లైఫ్ పడి ఉండి, ఓడినా 40 దగ్గర ఆగుతాననుకుంటే, నాలుగు ఆటల్లో ఒకటి గెలవగలిగినా ఆడొచ్చు. డ్రాపు చేసినంత నష్టమే అవుతుంది, మించదు. మా తాతయ్య ఎప్పుడూ డ్రాపు చేసేవారు కాదు. సాయంత్రం కాఫీ పెట్టే పని ఎక్కువగా ఆయనకే పడేది.

ఇప్పుడు ఒక కట్టకీ రెండు కట్టలకీ తేడా. నాకు మరీ ఇష్టమైన భాగం ఇదే. పంచగానే నాకు కనబడేవి పదిహేను ముక్కలు: నా పదమూడు, జోకరు, తెరిచినది. కనబడనివి 38. వాటిలో 13 ఎదుటి చేతిలో, 25 కట్టలో. నాకు కావలసిన ఆఠీను ఏడు ఎదుటి మనిషి చేతిలో ఉండే అవకాశం 38లో 13, అంటే మూడింట ఒకటికి కాస్త ఎక్కువ. ఆ ఏడు ఒకసారి పడిపోయి అడుగున చేరిందా, ఇక కట్ట తిరగబడేదాకా రాదు. అంచేత ఎదుటివాళ్ళు ఏది ఎత్తారు, ఏది పడేశారు, ఏది పడేయబోయి ఆగారు, ఇదంతా చూడాలి. అదే ఇద్దరు మనుషులు రెండు కట్టలతో ఆడితే కనబడనివి 91. ఎదుటి చేతిలో 13, కట్టలో 78. ఏడింట ఒకటి. పైగా ఆఠీను ఏడులు రెండు, జోకర్లూ రెట్టింపు పైనే. ఎదుటి మనిషిని చదివి తెలుసుకోగలిగింది అంతగా తగ్గిపోతుంది, కట్ట మీద ఆశ పెట్టుకుని కూర్చోవడం పెరుగుతుంది.

దీనికి కోర్టు దాకా వెళ్ళిన సంగతి ఒకటుంది. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో సుప్రీంకోర్టు 1967 నవంబరులో తీర్పిచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ కేసు. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పడేయాలో తెలియాలి, కాబట్టి అందులో నైపుణ్యానిదే పైచేయి అన్నారు జస్టిస్ హిదయతుల్లా. ఈ ముక్క అందరికీ నోటికొచ్చు. అదే తీర్పులో ఇంకో ముక్క ఉంది, దాన్ని ఎవరూ చదవరు. ఆట ఆడించేవాళ్ళు ఆ ఆట మీద లాభం తీసుకుంటుంటే అది నేరం కావచ్చు అని.

నా కింద పనిచేసిన ఒక కుర్రాడు, మంచి తెలివైనవాడు, ఒక రాత్రి నా క్వార్టరుకి వచ్చి చెల్లెలి ఫీజుకి అప్పు అడిగాడు. ఏడు నెలల జీతం ఫోనులో రమ్మీకి పోయింది. "నాకు ఆట బాగా వచ్చు సార్" అని తన ఖాతా చూపించాడు. అబద్ధం చెప్పలేదు. నాలుగొందల పైచిలుకు ఆటల్లో దాదాపు సగం గెలిచాడు. సగం గెలిచినవాడికి డబ్బెందుకు పోయింది? ఆటకింత అని నడిపేవాళ్ళు తీసుకుంటున్నారు. ఉదాహరణకి ఇద్దరు చెరి యాభై పెట్టి, వందలో పది నడిపేవాళ్ళకి పోతుందనుకోండి. సమఉజ్జీలు పది ఆటలు ఆడి చెరి అయిదు గెలిస్తే చెరో యాభై పోగొట్టుకుని లేస్తారు. నైపుణ్యం ఇద్దరిలో ఎవరు గెలుస్తారో తేలుస్తుంది, ఆ పదిని వెనక్కి తీసుకురాదు. మా తాతయ్య వాళ్ళ ఆటలో చింతపిక్కలు అటూ ఇటూ తిరిగేవే గానీ డబ్బాలోంచి ఒక్క పిక్క బయటికి పోయేది కాదు.

మన రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ పందేల్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలు కూడదని చట్టం చేసింది. మంచిదే. కానీ ఆట ఏమిటో తెలియని పిల్లవాడికి అది మొదట ఎవరు నేర్పుతారన్నది చట్టం చూసుకోదు. మనం గదిలో పేక లేకుండా చేస్తే పిల్లలకి రమ్మీ రాకుండా పోదు. ఎక్కడో వస్తుంది, డబ్బుతో కలిపి వస్తుంది. కొందరు పెద్దలు పేక అంటేనే ఇల్లు గుల్ల అంటున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో అలా జరిగి ఉండొచ్చు, ఆ బాధ నేను కాదనను. అయితే ఆ ఇళ్ళల్లో గుల్ల చేసింది పందెమా, పేకా అన్నది వాళ్ళనే అడుగుతున్నాను.

అంచేత నా ప్రతిపాదన ఇది. గదిలో రెండు బల్లలు, బల్లకి ఒక్క కట్ట, ఇద్దరే మనుషులు. 101 ఆట. లెక్క పలక మీద, అందరికీ కనబడేలా. డబ్బు, డబ్బుకి మారే ఏ వస్తువూ బల్ల మీదికి రాకూడదు. కట్ట అయిపోతే కలపకుండా తిప్పాలి. ఈ చివరిది మా మామ్మ నిబంధన, దీని మీద బేరం లేదు. డ్రాపు 20 అన్నది కూడా మార్చొద్దు. పిల్లలు మొదటి నెలంతా డ్రాపు చేయరు, నెలాఖరుకి పలక చూసి చేస్తారు.

కార్యవర్గం ఒప్పుకుంటే రేపు ఉదయం పదింటికి ఆ గదిలో ఉంటాను. రెండు కట్టలు, రెండు పలకలు నావే. ఎనిమిదో తరగతి పైబడిన పిల్లలు ఇంట్లో చెప్పి రండి. వద్దన్న పెద్దలు కూడా రండి, ముందు మీతోనే ఆడతాను.